గడప బయట ప్రేమమ్మ

ప్రేమమ్మకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని చేసే ప్రార్థన కూడా వీధి మలుపులో కిరాణా దుకాణం దాకా వినిపించేది. "దేవునికి చెవుడా ఏంది ఒదినె, జర మెల్లగ అడుగరాదు" అని మా అమ్మ, మేం అవ్వ అని పిలిచే బాలవ్వ, ఏడిపించేది. "దేవునికి మంచిగనే ఇనిపిస్తది, మీ అసోంటోళ్లకే ఇనిపిస్తలేదు" అని ప్రేమమ్మ అంతకంటే గట్టిగా జవాబిచ్చేది. వాళ్లిద్దరివీ ఎదురెదురు ఇళ్లు. మాది పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు, ఆమెది మిషన్ చర్చికి పోయే ఇల్లు. దేవుళ్లు వేరైనా బీడీల సేటు ఇద్దరికీ ఒక్కడే కాబట్టి స్నేహం కుదిరింది.

మెట్‌పల్లి పక్కన మా ఊళ్లో ఆడదై పుట్టిన ప్రతి మనిషి ఒళ్లోనూ ఒక చాట ఉంటుంది. చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, చేతిలో కత్తెర. ప్రేమమ్మ గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో పుట్టింది. మా ఊరికి కోడలిగా వచ్చాకే బీడీ నేర్చుకుంది. భర్త కాగజ్‌నగర్ దిక్కు అడవుల్లో వెదురు కొట్టే పనికి పోయేవాడు. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం గొడవలతో బస్సులు సరిగా నడవని రోజుల్లో, కామెర్లతో ఎట్లాగో ఇల్లు చేరాడు గానీ బతకలేదు. సామ్యూల్, ఎలీసబెతు అనే ఇద్దరు పిల్లల్ని ప్రేమమ్మ ఆ చాట మీదే పెంచింది.

వాళ్లిద్దరికంటే ముందు ఇంకో కొడుకు ఉండేవాడు. వాడికి తట్టు పోసినప్పుడు ప్రేమమ్మ ఇరవై నిండని కోడలు. ఇంట్లో అందరూ చర్చికి పోయేవాళ్లే అయినా, ఆమె అత్త పాత అలవాటు కొద్దీ గడపకు వేపమండలు కట్టింది. మండలు కట్టిన ఇంట్లోకి బయటి మనిషి అడుగు పెట్టకూడదు, అది మా దిక్కు కట్టుబాటు. లోపల అమ్మతల్లి వచ్చి ఉంది, మైల తగలకూడదు అంటారు. మందు కూడా పోయనివ్వలేదు. పిల్లవాడు చీకటి అర్రలో తల్లి ముఖం, నాయనమ్మ ముఖం తప్ప మరో ముఖం చూడకుండా పోయాడు. "నా కొడుకు తట్టుతోని పోలే, ఎవ్వలు రాక పోయిండు" అని ప్రేమమ్మ అనేది. ఆ ఒక్క మాట మాత్రం ఆమె మెల్లగా అనేది.

అందుకే ఎవరింట్లో జ్వరం వచ్చినా అందరికంటే ముందు ఆమె అక్కడ ఉండేది. పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, నుదుటికి నుదురు ఆనించి ప్రార్థన చేసేది. కులం చూడలేదు, మతం చూడలేదు. గడపకు మండ కనిపిస్తే మాత్రం బయటే ఆగి, ఆ మండను నాలుగు తిట్లు తిట్టి పోయేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మావాళ్లు నవ్వేవాళ్లు. నవ్విన వాళ్లే పిల్లవాడి ఒళ్లు కాలగానే ఆమె కోసం మనిషిని పంపేవాళ్లు. పాస్టరయ్య వారానికోసారి సైకిల్ మీద వచ్చేవాడు, వేపమండల గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆ పంతం పూర్తిగా ప్రేమమ్మ సొంతం.

ఎనభై రెండులో, శివరాత్రి దాటాక, ఆ పంతానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. అప్పుడు వీధిలో ఆడవాళ్లమంతా మా ఇంటి పెద్ద అర్రలో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. చంటిపిల్లల తల్లులు పిల్లల్ని పక్కనే పడుకోబెట్టుకునేవాళ్లు. తలుపు, కిటికీ ఎప్పుడూ మూసే ఉండేవి. గాలి వస్తే ఆకు ఎండి చిట్లుతుంది, చాటలో తంబాకు లేచిపోతుంది. ఎవరైనా తలుపు బార్లా తీస్తే లోపలున్న వాళ్లమంతా ఒక్కసారే తిట్టేవాళ్లం. ఆ ఉక్కలో, ఆ తంబాకు ఘాటులో ఒకరి ఊపిరి ఒకరం పీలుస్తూ పొద్దు గూకేదాకా కూర్చోవడం మాకు తప్పు అనిపించలేదు, ఇప్పటికీ చాలామందికి అనిపించదు.

మా అన్న కొడుక్కు మూడేళ్లు. ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి, ఒకటే దగ్గు. పడిశం అనుకున్నాం. వాడు అర్రంతా తిరుగుతూ ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి దొర్లాడు. సామ్యూల్ కొడుకు, అంటే ప్రేమమ్మ మనవడు, వాడితోనే ఆడుకున్నాడు. నాలుగైదు రోజులకు మావాడి చెవుల వెనక, తర్వాత ముఖం మీద ఎర్రగా తట్టు తేలింది. అప్పుడు మా అవ్వ అందరినీ లేపి పంపేసి, గడపకు మండలు కట్టి, పొయ్యి మీద తాళింపు కూడా ఆపేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. అది ఒంటి మీద కనపడకముందే, ఆ దగ్గుతోనే, మూసిన అర్రలో గాలికెక్కి అందరి పిల్లల ముక్కుల్లోకీ దూరిందని మాకప్పుడు తెలియదు. మావాడు గట్టి పిండం, బతికాడు.

బీడీల మంది ఎదురుగా ప్రేమమ్మ ఇంటికి మారింది. రెండు వారాలు తిరిగేసరికి సామ్యూల్ కొడుక్కు అదే దగ్గు, అవే ఎర్ర కళ్లు, ఆ తర్వాత తట్టు. ప్రేమమ్మ గడపకు మండ కట్టలేదు సరికదా, ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించింది. "నా మనుమడు ఒక్కడు పండుకోడు. అందరు రావాలె, అందరు వాని మీద చేతులు పెట్టాలె" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. సామ్యూల్‌ను హుజూరాబాద్ బస్సెక్కించి, "చెల్లెను తోల్కరా" అని పంపింది.

చెల్లె అంటే ఎలీసబెతు. ఆమెకూ నాకూ ఒకే ఏడు పెళ్లయింది. నన్ను ఊళ్లోనే ఇచ్చారు, ఆమెను హుజూరాబాద్‌లో మార్కెట్ యార్డు హమాలీకి ఇచ్చారు. నాకు వరసగా ముగ్గురు పుట్టుకొచ్చారు, ఆమెకు ఏళ్ల తరబడి కడుపు పండలేదు. ఆ ఒక్క కోరిక కోసం ప్రేమమ్మ ఉన్న ఉపవాసాలకు, పెట్టిన కేకలకు, ఆమె దేవుడికి నిజంగానే చెవుడు వచ్చి ఉండాలి. చివరికి దయామణి పుట్టింది. అప్పటికి దానికి ఏడో నెల. కూర్చోబెడితే కూర్చుని, తన రెండు చేతుల్ని తానే వింతగా చూసుకుంటూ ఉండేది.

బస్సు దిగి పిల్లను ఎత్తుకుని వస్తున్న ఎలీసబెతును మా అవ్వ వీధి మధ్యలోనే ఆపింది.

"బిడ్డా, గా ఇంట్ల తల్లి పోసి ఉన్నది. పసిపొల్లను లోపటికి తీస్కపోకు. మా ఇంట్ల ఉంచు, మేము పట్టుకుంటం. నువ్వు పొయ్యి పిలగాన్ని చూసి రా" అంది.

ప్రేమమ్మ గడపలోకి వచ్చింది. "బాలవ్వా, మీ తల్లి మీ ఇంట్ల ఉండనియ్. నా ఇంట్ల ఏసయ్య ఉన్నడు."

"ఏసయ్యను నేనేమన్న అంటినా ఒదినె? పసిదని అంటున్న. తట్టు అంటుతది."

"గట్లనే అనుకుంట నా కొడుకును నాలుగు గోడల నడుమ సంపిన్రు" అంది ప్రేమమ్మ.

ఎలీసబెతు అటూ ఇటూ చూసింది. తర్వాత పిల్లను ఇవ్వడానికి నా వైపు ఒక అడుగు వేసింది. నేను చేతులు చాపాను. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. ప్రేమమ్మ విసవిసా వీధిలోకి దిగి వచ్చి, కూతురి చంకలోంచి దయామణిని లాక్కున్నట్టే తీసుకుని, బుగ్గ మీద ముద్దు పెట్టి లోపలికి పోయింది. అమ్మమ్మ మనవరాల్ని ఎత్తుకుపోతుంటే ఆపే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఎలీసబెతు తలవంచుకుని వెనకాలే పోయింది.

ఆ సాయంత్రం ఆ చిన్న ఇల్లు జనంతో నిండిపోయింది. రోగి పిల్లవాడికి గాలి తగలకూడదని తలుపులు మూశారు. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, ఒక్కొక్కరే వాడి తల మీద చేయి పెట్టారు. వాడి పక్కనే చాప మీద దయామణిని కూర్చోబెట్టారు. వాడు దగ్గుతుంటే అదేదో ఆట అనుకుని అది నవ్వుతూ ఉందట. మా ఇంట్లోకి పాటలు వినిపిస్తుంటే మా అవ్వ అన్నం తినకుండా అరుగు మీద కూర్చుండిపోయింది.

పిల్లవాడు వారంలో లేచి తిరిగాడు. ప్రేమమ్మ మా గుమ్మం ముందుకొచ్చి, "చూసినవా బాలవ్వా, ఏ మండలు కట్టిన్నే నేను" అని గర్వంగా అడిగింది. ఎలీసబెతు బిడ్డను ఎత్తుకుని హుజూరాబాద్ వెళ్లిపోయింది.

తర్వాత వచ్చిన కబురు అల్లుడు పంపించింది. పిల్లకు ఒళ్లంతా తట్టు, పాలు తాగడం లేదు, దవాఖానాలో పెట్టాం, రండి అని. సామ్యూల్ ఊళ్లో లేడు. ప్రేమమ్మ వెంట నేను పోయాను. బస్సులో కూడా ఆమె బయటికే ప్రార్థన చేస్తూ కూర్చుంది, కండక్టర్ వింతగా చూశాడు.

దయామణి తట్టు అప్పటికి మాడిపోతోంది గానీ, జబ్బు ఛాతీలోకి దిగింది. పక్కలెగరేస్తోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. కళ్లు అంటుకుపోయి ఉన్నాయి. మంచం పక్కన ఉన్న నర్సు మంచి మనిషి. "ఇంట్ల ఎవరికన్నా తట్టు వచ్చిందా అమ్మా? ఎక్కడికన్నా తీస్కపోయిన్రా?" అని అడిగింది. ఎలీసబెతు చెప్పింది. నర్సు తల పంకించింది. "గాలిల నుంచే అంటుతది. తట్టు ఉన్న పిలగాడు దగ్గిన అర్రల, వాడు లేచిపోయినా జర సేపు గాలిలనే ఉంటది. తలుపులు మూస్తే ఇంకా ఎక్కువ. ఇసొంటి పసోళ్లకు మోసం చేస్తది" అంది. ఆమె మామూలుగానే చెప్పింది. ఎవరి గుండెలో ఏం దింపిందో ఆమెకు తెలియదు.

అప్పటిదాకా ఆగని ప్రేమమ్మ నోరు అక్కడ ఆగింది.

తెల్లవారేసరికి దయామణి పోయింది. ఏడ్చే ఓపిక కూడా లేని ఎలీసబెతు, పిల్లను గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, తల్లితో ఒకే మాట అంది. "నేను ఇయ్యబోతిని అవ్వా. నువ్వు గుంజుకున్నవు."

ప్రేమమ్మ చాచిన చేయి అట్లాగే గాలిలో ఉండిపోయింది. ఎవరి వైపు నిలబడాలో నాకు తెలియలేదు. కోపం ఎవరి మీద చూపాలో ఇప్పటికీ తెలియదు. కొడుకు ఒంటరిగా చచ్చాడని ఏ పిల్లనూ ఒంటరిగా ఉంచకూడదనుకున్న మనిషి ఆమె. దూరంగా ఉండటం కూడా ప్రేమే అని ఆమెకు ఎవరు చెప్పాలి? మండలు కట్టిన మావాళ్లకు మాత్రం ఎందుకు కట్టాలో తెలుసా ఏమన్నా? తెలిస్తే పిల్లవాడు దగ్గిన రోజే కట్టేవాళ్లం, మందు కూడా పోయించేవాళ్లం.

ఎలీసబెతు పుట్టింటి గడప తొక్కడం మానేసింది. ప్రేమమ్మ ప్రతి క్రిస్మస్‌కూ గారెలు, అరిసెలు మూట కట్టుకుని హుజూరాబాద్ పోయేది. అల్లుడు మర్యాదగా మంచినీళ్లు ఇచ్చేవాడు. ఎలీసబెతు పెరట్లోకి పోయి, తల్లి వెళ్లిపోయేదాకా బట్టలు ఉతుకుతూ ఉండేది. తిరిగొచ్చిన ప్రేమమ్మను "బిడ్డ మాట్లాడిందా" అని మా అవ్వ అడిగేది. "పని మీదున్నది" అని ఆమె లోపలికి పోయేది.

ఇక ప్రార్థన మానేస్తుంది అనుకున్నాం. మానలేదు, గడప దాటడం మానేసింది. జ్వరం వచ్చిన ఇంటి ముందు వీధిలో నిలబడి, లోపలి పిల్లవాడి పేరు పెట్టి పిలుస్తూ ప్రార్థన చేసేది. "ఒరే పర్శరాములూ, బయట నేనున్న బిడ్డా, భయపడకు" అని కేక వేసేది. ఎంతసేపైనా నిలబడేది. పిల్లలు లోపలి నుంచి "ఆఁ" అనేవాళ్లు. అంత పెద్ద గొంతు దేవుడు ఆమెకు ఎందుకిచ్చాడో అప్పుడు తెలిసింది అనేది మా అవ్వ, ఎగతాళిగా కాదు.

బీడీల దగ్గర మాత్రం పాత రాక్షసే. ముక్కు కారే పిల్లను ఎవరు తెచ్చినా, "లేవే, ఇంటికి పో" అని లేపేది. అర్రలో కూర్చోవడం వద్దని గొడవ పెట్టింది. ఆకు ఎండిపోతుందని మేమంతా తిరగబడ్డాం. అయితే ఆమె గోనెపట్టాలు తడిపి మా ఇంటి చూరుకు వేలాడదీసి, వాటి నీడలో అరుగు మీద కూర్చుని చుట్టి చూపింది. ఆకు మెత్తగానే ఉంది, గాలీ ఆడింది. ఆకు మళ్లీ మళ్లీ తడపడం పెద్ద చాకిరీ, తిట్టుకుంటూనే చేశాం. తరువాతి ఏళ్లలో ఊళ్లోకి తట్టు రెండుసార్లు వచ్చింది. మా వీధిలో వచ్చిన ఇంట్లోనే ఆగింది గానీ ఇల్లిల్లూ తిరగలేదు. తొమ్మిదో నెల తట్టు టీకా వచ్చినప్పుడు, సూదికి భయపడి దాక్కున్న తల్లుల్ని జుట్టు పట్టి లాగినంత పని చేసింది. "నా దయామణికి గిది లేకుండె" అనేది. అంతకు మించి చెప్పేది కాదు, ఇంక ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు.

ఎనభై ఎనిమిదిలో ఎలీసబెతుకు మళ్లీ ఆడపిల్ల పుట్టింది. కృప అని పేరు పెట్టారు. ఈసారి కబురు అల్లుడిది కాదు. "అవ్వను రమ్మను" అని ఎలీసబెతే సామ్యూల్‌తో చెప్పి పంపింది. ఆ మాట విని ప్రేమమ్మ పొయ్యి ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

కానీ అప్పటికే ఆమెను దగ్గు పట్టుకుంది. నలభై ఏళ్ల తంబాకు దుమ్ము మరి. ఆ దగ్గుతోనే హుజూరాబాద్ పోయింది. ఎలీసబెతు గుమ్మంలోకి ఎదురొచ్చి, "లోపటికి రా అవ్వా" అంది. అన్నేళ్లు ఎదురు చూసిన పిలుపు అది. ప్రేమమ్మ వాకిట్లోనే ఆగింది. "దగ్గున్నది బిడ్డా. తగ్గినంక వస్త" అంది. ఎలీసబెతు గుడ్డలో చుట్టిన పిల్లను గుమ్మంలో నుంచి ఎత్తి చూపింది. ప్రేమమ్మ కళ్లకు అప్పటికే పొరలు కమ్ముతున్నాయి. ఆమెకు గుడ్డ రంగు కనిపించింది, అంతే.

దగ్గు తగ్గలేదు. సామ్యూల్ కరీంనగర్ తీసుకుపోయి ఛాతీ ఫొటో తీయించాడు, కఫం పరీక్ష చేయించాడు. క్షయ కాదు, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇది ఎవరికీ అంటుకోదు అని డాక్టర్ స్పష్టంగా చెప్పాడు. ప్రేమమ్మ నమ్మలేదు. నేను ఎంతో నచ్చజెప్పాను. "డాక్టరే అన్నడు కదత్తా, అంటుతది అని నువ్వెందుకు పరేషాన్ అయితవు?"

"అప్పుడు గూడ అంటుతది అనుకోలే బిడ్డా" అంది.

ఆ తర్వాతి ఏడు, వానలు పడుతున్నప్పుడు, ఎలీసబెతే కృపను ఎత్తుకుని వచ్చింది. దయామణి పోయాక మా వీధిలో ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. పిల్లకు టీకా వేయించింది. ప్రేమమ్మ అప్పటికి మంచం దిగలేని మనిషి. కూతురి చంకలో పిల్లను చూసి ఎట్లాగో లేచి, గోడ పట్టుకుంటూ మూలకు జరిగింది.

"తీస్కపో బిడ్డా, బాలవ్వోళ్ల ఇంట్ల ఉంచు" అంది.

"అవ్వా, టీక ఏపించిన. నీ దగ్గు ఎవ్వలకు అంటుకోదట. ఒక్కసారి ఎత్తుకో."

"నువ్వు మంచిగనే అంటున్నవు. రేపు పిల్ల ఒక్కసారి దగ్గితే నీ పానం ఎట్ల కొట్టుకుంటదో నాకెర్క లేదా."

ఎలీసబెతు తల్లి పక్కన కూర్చుని, పిల్లను ఆమె ఒళ్లో పెట్టేసింది. ప్రేమమ్మ చేతులు వాటంతట అవే పిల్లను చుట్టుకున్నాయి. ముఖం మాత్రం చప్పున గోడ వైపు తిప్పుకుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. దగ్గు ఆపుకుంటుంటే భుజాలు అదురుతున్నాయి. కృప ఆమె చెవి పట్టుకుని లాగుతోంది, ఏదో కూస్తోంది. "ఒక్కసారి ఇటు చూడు అవ్వా, నీ అసొంటి ముక్కే వచ్చింది" అని ఎలీసబెతు బతిమాలింది. నేనూ బతిమాలాను. ఆమె తల తిప్పలేదు. వేళ్లతో పిల్ల ముక్కు తడిమి చూసింది. చివరికి పిల్లను కూతురి వైపు నెట్టి, పొమ్మన్నట్టు చేయి ఊపింది. వాళ్లు గడప దాటాకే ఆ దగ్గు బయటికి వచ్చింది. అరుగు మీద కూర్చున్న మా అందరికీ వినిపించింది.

ఆ వానాకాలం గడవకముందే ప్రేమమ్మ పోయింది. మట్టి చేసి వచ్చాక, ఎలీసబెతు మా అరుగు మీద నా పక్కన కూర్చుంది. కృప ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

"ఎత్తుకున్నది గని, పిల్ల ముఖం చూడలే మా అవ్వ" అంది. "గంత భయం నేనే పెట్టిన."

నేను చేతులు చాపి, నిద్రపోతున్న కృపను నా ఒళ్లోకి తీసుకున్నాను.